ఆరోగ్యశాలకు అనువైన నేల

ఉద్దేశం

ప్రజోపయోగకరమైన నిర్మాణాన్ని తలపెట్టినప్పుడు దానివల్ల కలిగే మేలుతోపాటు అది నిలిచే నేలకు, నీటికి, గాలికి, ఇరుగుపొరుగు ప్రజలకు కలిగే మార్పులను కూడా ముందుగానే తూచి చూడాలన్న అవగాహనను విద్యార్థులకు కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఊరికి కొత్త ఆసుపత్రి వస్తున్నదంటే అందరికీ సంతోషమే. ఎన్ని పడకలు, ఎందరు వైద్యులు, ఏయే యంత్రాలు అని అందరూ ఆసక్తితో అడుగుతారు. ఆ భవనం ఏ నేలమీద లేవబోతున్నది, వానకాలంలో ఆ నేలమీది నీరు ఎటు పారుతుంది, ఆసుపత్రి వాడి విడిచిన నీరు ఎవరి వాకిటి ముందునుంచి పోతుంది అని అడిగేవారు అరుదు. పడకలను తరువాత పెంచుకోవచ్చు. యంత్రాలను మార్చుకోవచ్చు. పునాది పడిన తరువాత స్థలాన్ని మార్చుకోవడం మాత్రం సాధ్యం కాదు. కనుక ఆసుపత్రి విషయంలో మొదటి నిర్ణయమూ, చాలా వరకు చివరి నిర్ణయమూ స్థల నిర్ణయమే.

ప్రాచీనుల దృష్టి

ఈ విషయాన్ని మన పూర్వులు ఎన్నడో గుర్తించారు. చరకసంహిత సూత్రస్థానంలో ఉపకల్పనీయాధ్యాయం అనే అధ్యాయం ఉంది. చికిత్సకు పూనుకొనే ముందు వైద్యుడు సమకూర్చుకోవలసిన వాటిని అది వివరిస్తుంది. అక్కడ మొదట చెప్పినది ఔషధాన్ని గురించి కాదు, గృహాన్ని గురించి. ఆ గృహం దృఢంగా ఉండాలి. పెనుగాలి తాకిడికి గురికాకూడదు. అయినా ఒకవైపునుంచి గాలి ధారాళంగా రావాలి. పొగ, ఎండ, నీరు, దుమ్ము దానిని చేరరాదు. నీటివసతి, మరుగుదొడ్డి, స్నానశాల, వంటశాల దానికి అమరి ఉండాలి. వాస్తువిద్యలో నేర్పరి అయినవాడు ముందుగా ఇటువంటి గృహాన్ని సిద్ధం చేయాలని చరకుడు నిర్దేశించాడు. అదే గ్రంథంలోని విమానస్థానం, గాలి, నీరు, దేశం, కాలం అనే నాలుగూ చెడినప్పుడు జనపదాలు రోగాలతో నశిస్తాయని చెబుతుంది. ఇక్కడ దేశమంటే నేల. రోగిని చూసే కంటితోనే నేలనూ చూడాలన్నది ఆ శాస్త్రకారుల ఆంతర్యం.

తెలుగునేలమీద కూడా వైద్యాలయాలకు దీర్ఘ చరిత్ర ఉన్నది. కాకతీయ రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన మల్కాపురం శాసనం కృష్ణానదీ తీరంలోని మఠానికి గ్రామాలను దానం చేసిన విషయాన్ని తెలుపుతుంది. ఆ ఆదాయంలో కొంత భాగాన్ని ఆరోగ్యశాలకు, ప్రసూతిశాలకు కేటాయించారు. పొలం పండితేనే వైద్యశాల నడిచే ఏర్పాటు అది. నేలకూ ఆరోగ్యానికీ ఉన్న అనుబంధం ఆనాటివారికి అనుభవంలో ఉన్న సంగతి.

బాగ్దాదు నగరంలో వైద్యశాలకు స్థలాన్ని ఎంపిక చేయవలసి వచ్చినప్పుడు అల్‌రాజీ అనే ప్రసిద్ధ వైద్యుడు నగరంలో పలుచోట్ల మాంసఖండాలను వేలాడదీయించి, ఎక్కడ మాంసం ఆలస్యంగా కుళ్లినదో అక్కడ కట్టమన్నాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ ఎంతవరకు నిజమైనా అందులోని పద్ధతి గమనించదగినది. ఒకే స్థలాన్ని చూసి తృప్తిపడక, అనేక స్థలాలను ఒకే కొలతతో పరీక్షించి, తేడాను బట్టి నిర్ణయించడమే ఆ పద్ధతి.

మూసీ నేర్పిన పాఠం

ఈ జాగ్రత్త ఎందుకో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కరలేదు. హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రి చరిత్ర చాలును. 1908 సెప్టెంబరు 28న మూసీనది ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. నది ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఉన్న అప్పటి ఆసుపత్రి ఆ వరదలో ధ్వంసమైంది. ఆ ప్రాంగణంలోని ఒక చింతచెట్టును ఆశ్రయించి నూటయాభైమందికి పైగా బ్రతికి బయటపడ్డారని చెబుతారు. రోగులను రక్షించవలసిన కట్టడం కూలిపోగా, ఒక చెట్టు మనుషులను రక్షించింది.

వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలను అనుసరించి నదీప్రవాహాన్ని అదుపుచేసే జలాశయాలను నిర్మించారు. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, విన్సెంట్ ఎష్ అనే వాస్తుశిల్పి రూపకల్పనతో ఆ ఒడ్డుననే ఉస్మానియా ఆసుపత్రి భవనం 1925 నాటికి నిలిచింది. దక్కను వాస్తుకళకు అది అలంకారమైంది. తరతరాలుగా పేదలకు పెద్దదిక్కైంది. ఎగువన జలాశయాలు ఉన్నందువల్ల 1908 నాటి ప్రళయం ఆ భవనానికి మళ్లీ ఎదురుకాలేదు.

అయినా ప్రమాదం మరొక దారిన వచ్చింది. 2020 జులైలో కురిసిన వర్షానికి వాననీరు, మురుగునీరు కలిసి పాతభవనంలోని రోగుల గదులలోకి ప్రవేశించాయి. రోగులను వేరే భవనాలకు తరలించారు. ఆ నెలలోనే పాతభవనాన్ని మూసివేశారు. ఈసారి నీరు తెచ్చినది నది కాదు. చుట్టూ నగరం పెరిగింది. నీరు ఇంకే నేల తగ్గింది. మురుగుకాలువల మీద భారం హెచ్చింది. స్థలాన్ని పరీక్షించేటప్పుడు నాటి స్థితిని మాత్రమే చూస్తే చాలదనీ, యాభై, నూరు సంవత్సరాలలో దాని పరిసరాలు ఎలా మారగలవో కూడా ఊహించాలనీ ఈ ఘటన నిరూపిస్తున్నది.

ఇటువంటి అనుభవం ఇతర నగరాలకూ ఉన్నది. 2015 డిసెంబరులో చెన్నైని ముంచిన వరదలలో నదికి సమీపంలోని ఒక పెద్ద ఆసుపత్రిలోకి నీరు ప్రవేశించి, విద్యుత్తు నిలిచి, రోగులను తరలించవలసి వచ్చింది. వరద వచ్చిన నాడే ఊరికి ఆసుపత్రి అవసరం హెచ్చుతుంది. ఆనాడే మూతపడే ఆసుపత్రి ఉన్నా లేనట్లే.

ద్విముఖ పరిశీలన

స్థల నిర్ణయంలో రెండు వేర్వేరు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. ఆ స్థలం ఆసుపత్రిని ఏం చేస్తుంది అన్నది మొదటిది. ఆసుపత్రి ఆ స్థలాన్ని ఏం చేస్తుంది అన్నది రెండవది. మొదటిదానిని ఇంజనీర్లు ఎలాగో ఒకలాగు అడుగుతారు. రెండవది తరచుగా మరుగున పడుతుంది.

మొదటి ప్రశ్నలో పల్లపుతనం, వరద, నేల గట్టిదనం, సమీపంలోని కర్మాగారాల పొగ, రహదారి రొద మొదలైనవి చేరుతాయి. ఆసుపత్రి చుట్టూ కనీసం నూరు మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చునని 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆ మండలంలో ధ్వని పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ మించరాదు. వాహనాల రద్దీ ఎడతెగని కూడలిలో ఆసుపత్రిని కట్టి నిశ్శబ్దం పాటించండని ఫలకం తగిలించినంత మాత్రాన రోగికి నిద్ర పట్టదు.

రెండవ ప్రశ్నకు సమాధానం లెక్కలతో మొదలుకావాలి. నూరు పడకలు మించిన ఆసుపత్రికి పడక ఒక్కింటికి రోజుకు 450 లీటర్ల నీరు కావాలని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. వేయి పడకల ఆసుపత్రికి రోజుకు నాలుగున్నర లక్షల లీటర్లన్నమాట. ఆ నీటిని భూగర్భంనుంచి తోడితే చుట్టుపక్కల ఇళ్ల బోర్లు ఎండిపోవచ్చు. మంగళగిరిలో పాత క్షయ శానిటోరియం ప్రాంగణాన అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థకు 2015లో శంకుస్థాపన జరిగింది. స్థలం విశాలమైనదే, రాజధాని ప్రాంతానికి చేరువైనదే. అయినప్పటికీ తగిన నీటి సరఫరా వెంటనే అమరక, ఆ సంస్థ కొంతకాలం ట్యాంకర్ల మీద ఆధారపడవలసి వచ్చింది. కృష్ణానది దాపున ఉన్నంత మాత్రాన కుళాయిలో కృష్ణ రాదు.

వాడిన నీటిలో సుమారు నూటికి ఎనభై వంతులు మురుగుగా బయటికి వస్తుందని సామాన్యపు లెక్క. ఆసుపత్రి మురుగు ఇంటి మురుగు వంటిది కాదు. అందులో మందుల శేషాలు, రసాయనాలు, మందులకు లొంగని సూక్ష్మజీవులు ఉంటాయి. శుద్ధి చేయక చెరువులోకి విడిచిపెడితే, లోపల నయమైన రోగం వెలుపల మరొక రూపంలో పుడుతుంది. ఘనవ్యర్థాల సంగతీ అంతే. ఆసుపత్రి వ్యర్థాలలో సుమారు 85 శాతం మామూలు చెత్తేనని, మిగిలిన 15 శాతం ప్రమాదకరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 75 కిలోమీటర్ల దూరంలో ఉమ్మడి శుద్ధికేంద్రం అందుబాటులో ఉన్నప్పుడు ఆసుపత్రి తన ఆవరణలో సొంత శుద్ధికేంద్రాన్ని నెలకొల్పరాదని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు నిర్దేశిస్తున్నాయి. కాబట్టి ఆ కేంద్రం ఎంత దూరాన ఉన్నది, వ్యర్థాల బండి ఏ వీధులగుండా వెళ్లాలి అన్నవి కూడా స్థల పరిశీలనలో భాగాలే.

వీటికి తోడు నరికివేయవలసిన చెట్లు, పూడ్చవలసిన వాగులు, కోల్పోయే ఆటస్థలాలు, జనరేటర్ల పొగ, రోజూ వచ్చిపోయే వాహనాలు లెక్కకు రావాలి.

సాధ్యం, యాప్యం, అసాధ్యం

దోషం లేని స్థలం ఎక్కడా దొరకదు. అటువంటప్పుడు దేనిని ఎంచుకోవాలి? ఇక్కడ ఆయుర్వేదం చేసిన ఒక విభజన దారి చూపుతుంది. వైద్యశాస్త్రం రోగాలను సాధ్యం, యాప్యం, అసాధ్యం అని విభజించింది. చికిత్సతో పూర్తిగా నయమయ్యేది సాధ్యం. పూర్తిగా నయం కాకపోయినా, చికిత్స సాగినంతకాలం అదుపులో ఉండేది యాప్యం. ఏ చికిత్సకూ లొంగనిది అసాధ్యం. స్థలదోషాలను కూడా ఇలాగే వేరుచేయవచ్చు.

ఇరుకైన దారిని వెడల్పు చేయవచ్చు. నేల మెత్తనైతే లోతైన పునాది వేయవచ్చు. ఒక్కసారి ధనం వెచ్చిస్తే తీరిపోయే ఇటువంటివి సాధ్యదోషాలు. మురుగు, వ్యర్థాలు, రొద యాప్యదోషాలు. శుద్ధియంత్రం నడిచినంతకాలమే అవి అదుపులో ఉంటాయి. ఆ యంత్రానికి విద్యుత్తు, నిర్వహణ, మనుషులు నిత్యం కావాలి. నిధులు ఆగిన మరునాడే దోషం తిరగబెడుతుంది. కనుక యంత్రం కొనడానికి ధనం ఉన్నదా అని మాత్రమే కాక, ముప్పై ఏళ్లపాటు దానిని నడపడానికి ధనం ఉన్నదా అని ప్రశ్నించాలి. చెరువు గర్భం, నదీప్రవాహ మార్గం, భూగర్భానికి నీరు ఇంకించే పల్లం, శతాబ్దాల వృక్షసమూహం వీటిని ఆక్రమించడం అసాధ్యదోషం. పూడిన చెరువును మరొకచోట తవ్వి తేలేము. ప్రవాహ మార్గానికి అడ్డుగా కట్టిన గోడ నీటిని ఆపదు. పక్కవారి ఇళ్లమీదికి మళ్లిస్తుంది.

అసాధ్యదోషం ఉన్న స్థలం ఎంత చవకగా, ఎంత సౌకర్యంగా దొరికినా దానిని విడిచిపెట్టడమే వివేకం. మిగిలిన స్థలాలలో యాప్యదోషాలు ఎక్కడ తక్కువో, వాటి భారాన్ని మోసే స్తోమత ఎక్కడ ఉన్నదో చూడాలి.

గోషామహల్: ఒక సమకాలిక ఉదాహరణ

ఉస్మానియా పాతభవనం మూతపడిన తరువాత కొత్త ఆసుపత్రి ఎక్కడ కట్టాలన్న చర్చ చాలాకాలం సాగింది. చివరకు గోషామహల్‌లోని పోలీసు మైదానాన్ని ఎంపిక చేశారు. దాదాపు 26 ఎకరాలలో, 2000 పడకలతో నిర్మించే ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. ఈ ఎంపికను స్వాగతించినవారూ ఉన్నారు, నిరసించినవారూ ఉన్నారు.

స్వాగతించినవారి పక్షాన బలమైన కారణాలు ఉన్నాయి. స్థలం ప్రభుత్వానిది. పాత ఆసుపత్రికి, కోఠిలోని ఉస్మానియా వైద్యకళాశాలకు అది చేరువలో ఉన్నది. పాతబస్తీ పేదలు తక్కువ ఖర్చుతో చేరుకోగలరు. ఊరికి దూరంగా విశాలమైన స్థలం చూడవచ్చు గదా అంటే, అక్కడికి వెళ్లే ప్రతి రోగీ, ప్రతి సహాయకుడూ అదనంగా ప్రయాణించాలి. ఆ ప్రయాణాల పొగ కూడా పర్యావరణ భారమే. ఆ ఛార్జీ పేదవాని జేబునుంచే పోతుంది. పాతచోటనే కట్టవచ్చు గదా అంటే, అక్కడ చారిత్రక భవనాన్ని కాపాడవలసిన బాధ్యత ఉన్నది, నది ఒడ్డు ఉన్నది.

నిరసించినవారి మాటనూ తోసిపుచ్చలేము. కిక్కిరిసిన పాత నగరంలో తెరపిగా మిగిలిన నేల స్వల్పం. మైదానం పోతే ఆ పరిసరాల పిల్లలకు ఆడుకొనే చోటు, పెద్దలకు నడిచే చోటు తగ్గిపోతాయి. పైన పేర్కొన్న ప్రమాణం ప్రకారం 2000 పడకలకు రోజుకు తొమ్మిది లక్షల లీటర్ల నీరు కావాలి. ఏడు లక్షల లీటర్లకు పైగా మురుగు వెలువడుతుంది. పాతబడిన కాలువలు, ఇరుకు వీధులు ఆ భారాన్ని ఎలా మోస్తాయని స్థానికులు ప్రశ్నించడం సహజం.

ఈ రెండు వాదాలనూ ముందు చెప్పిన త్రాసులో వేస్తే విషయం కొంత స్పష్టమవుతుంది. రద్దీని, మురుగును సక్రమ నిర్వహణతో అదుపు చేయవచ్చు. అవి యాప్యాలు. కోల్పోయిన మైదానం తిరిగి రాదు. అందుకు ప్రతిగా సమీపంలో మరొక తెరపి నేలను కల్పించకపోతే అది అసాధ్యమే. పేదలకు చేరువలో ఉండడం గొప్ప ప్రయోజనం. అయితే ఆ ప్రయోజనం నగరమంతటికీ, దూరపు జిల్లాలకూ చెందుతుంది. మైదానం పోయిన లోటు, రొద, రద్దీ ఆ నాలుగు వీధులవారికే చెందుతాయి. మేలు పొందేవారు ఒకరు, భారం మోసేవారు మరొకరు అయినప్పుడు మొత్తం మీద మేలే ఎక్కువ అని చెప్పి ఊరుకొనడం న్యాయం కాదు. మోసేవారి భారాన్ని తగ్గించే బాధ్యత మేలు పొందేవారిది.

చట్టం చెప్పేది, చెప్పనిది

1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని అనుసరించి 2006 సెప్టెంబరు 14న కేంద్రప్రభుత్వం పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటనను వెలువరించింది. దాని ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మితవైశాల్యం గల భవనాలకు ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం. పెద్ద ఆసుపత్రులు ఈ పరిధిలోకి వస్తాయి.

ఇందులో రెండు విషయాలు గమనార్హం. స్థలాన్ని గుర్తించిన తరువాతనే అనుమతికి దరఖాస్తు చేస్తారు. అంటే చట్టం తలుపు తట్టేసరికి ముఖ్యమైన నిర్ణయం జరిగిపోయి ఉంటుంది. ఇక మిగిలేది దోషనివారణ గురించిన చర్చ మాత్రమే. రెండవది, గనులకు, పెద్ద కర్మాగారాలకు సామాన్యంగా జరిపే ప్రజాభిప్రాయ సేకరణ భవన నిర్మాణాలకు తప్పనిసరి కాదు. ఈ రెండు లోట్లను పూరించవలసినది పాలకుల వివేకం, పౌరుల జాగరూకత. కనీసం మూడు నాలుగు స్థలాలను గుర్తించాలి. వాటిని ఎండాకాలంలోనే కాక నడివానలో కూడా చూడాలి. ఎండాకాలంలో నీటిమట్టం తెలుస్తుంది. వానకాలంలో నీటిదారి తెలుస్తుంది. ఆ ఊరి వృద్ధులను అడిగితే ఏ సంవత్సరంలో నీరు ఎక్కడిదాకా వచ్చినదో చెబుతారు. ప్రతి స్థలంలోని గుణదోషాలను ఒకే పట్టికలో రాసి, ఎంపికకు ముందే ప్రజల ఎదుట ఉంచాలి. ఎంపిక చేసిన తరువాత, తక్కిన స్థలాలను ఎందుకు విడిచిపెట్టారో కూడా చెప్పాలి.

ఇలా చేస్తే ఆసుపత్రి ఆలస్యమవుతుందని, వైద్యం అందక రోగులు కష్టపడతారని కొందరు వాదిస్తారు. ఆ ఆందోళన న్యాయమైనదే. అయితే నాలుగైదు స్థలాలను ఒక వానకాలం, ఒక ఎండాకాలం పరిశీలించడానికి పట్టే సమయం ఒక్క సంవత్సరం. నూరేళ్లు నిలవవలసిన ఆసుపత్రికి అది ఎక్కువ కాదు. ఆ సంవత్సరంలో ఉన్న ఆసుపత్రులను బాగుచేసుకొని నెట్టుకురావచ్చు. తొందరపడి ఎంచిన పల్లపు నేలలో కట్టిన ఆసుపత్రిని ఏటేటా ఖాళీ చేయిస్తూ నెట్టుకురాలేము.

నేటి విద్యార్థులలో కొందరు రేపు వైద్యులవుతారు, ఇంజనీర్లవుతారు, పాలనాధికారులవుతారు. తక్కినవారందరూ పౌరులవుతారు, ఏదో ఒకనాడు రోగులో, రోగుల బంధువులో కాక తప్పదు. తమ ఊరిలో కొత్త ఆసుపత్రికి స్థలం చూస్తున్నారని తెలిసిన నాడు వారు అడగవలసిన ప్రశ్నలు మూడు. ఇక్కడ వాననీరు ఎటు పోతుంది? ఆసుపత్రి విడిచే నీరు ఎక్కడికి చేరుతుంది? దీనివల్ల నష్టపోయేవారితో ఎవరైనా మాట్లాడారా? పునాదిరాయి పడకముందే ఈ ప్రశ్నలు వినిపించాలి.

అర్థాలు

ఆరోగ్యశాల – వైద్యశాల, ఆసుపత్రి
ప్రసూతిశాల – కాన్పుల ఆసుపత్రి
జనపదం – జనులు నివసించే ప్రాంతం
యాప్యం – పూర్తిగా నయంకాక, చికిత్సతో అదుపులో ఉండేది
మదింపు – అంచనా కట్టడం
తెరపి – ఖాళీ, అడ్డులేని చోటు
జాగరూకత – మెలకువ, అప్రమత్తత

ప్రశ్నలు

అ. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. స్థలదోషాలను సాధ్య, యాప్య, అసాధ్యాలుగా విభజించిన తీరును సోదాహరణంగా వివరించండి.
2. గోషామహల్ ఎంపికపై వెలువడిన అనుకూల, ప్రతికూల వాదాలను సమీక్షించి, మీ అభిప్రాయాన్ని కారణాలతో తెలపండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. చికిత్సాగృహానికి ఉండవలసిన లక్షణాలను చరకసంహిత ఎలా వివరించింది?
2. 1908, 2020 సంవత్సరాలలో ఆసుపత్రికి కలిగిన ప్రమాదాలలోని భేదం ఏమిటి?
3. పర్యావరణ అనుమతి విధానంలో గమనించదగిన లోట్లు ఏవి?

ఇ. కృత్యం
మీ ఊరిలోని ఆసుపత్రి ఉన్న స్థలాన్ని పరిశీలించండి. వాననీరు, మురుగునీరు ఏ దారిన పోతున్నాయో స్థానికులను అడిగి తెలుసుకొని ఒక నివేదిక రాయండి.